గండికోట లోయ అంచున, బేలం గుహల లోపల కెమెరాతో

గండికోటలో పొద్దు పొడుపు తీయాలనుకునేవాళ్లు జమ్మలమడుగులో కాకుండా కోట దగ్గరే బస చేయడం మంచిది. మేమూ అదే చేశాం. డిసెంబరులో అక్కడ ఆరున్నర ప్రాంతంలో తెల్లవారుతుంది. ఐదు ముప్పావుకల్లా పెన్నా లోయ అంచుకు చేరితే, సూర్యుడు రాకముందు ఆకాశంలో కనిపించే నీలం, గులాబీ రంగులు దొరుకుతాయి. అంచున కంచె లేదు. కెమెరాలో చూస్తూ వెనక్కీ పక్కకీ జరగకూడదు. ముందు నిలబడే చోటు చూసుకుని, ఆ తర్వాతే ట్రైపాడ్ (కెమెరాను నిలబెట్టే మూడు కాళ్ల స్టాండ్) విప్పాలి.

నా సరంజామా మామూలుదే: క్రాప్ సెన్సర్ కెమెరా (బొమ్మను పట్టే సెన్సర్ ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నది), దానితోపాటు వచ్చే 18-55 మి.మీ. లెన్స్, ట్రైపాడ్. చేతిలో డబ్బుంటే రెండో లెన్స్ కన్నా ముందు గట్టి ట్రైపాడ్ కొనమనే ఎవరికైనా చెబుతాను. లోయలోంచి గాలి ఆగకుండా కొడుతుంది. మధ్య కడ్డీ పైకి లేపితే ఆ ఎత్తులో కెమెరా వణుకుతుంది కాబట్టి, దాన్ని పూర్తిగా దించి, కాళ్లలో పైనుండే లావుపాటి భాగాలనే ముందు పొడిగించాలి. మధ్య కడ్డీ కింది కొక్కేనికి సంచి తగిలిస్తే బరువు కలిసొస్తుంది కానీ, సంచి గాలికి ఊగితే ట్రైపాడ్‌నూ ఊపుతుంది. సంచి అడుగు నేలకు తగిలేలా కట్టాలి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఆపేసి, షట్టర్‌కు 2 సెకన్ల టైమర్ పెట్టాలి.

చీకట్లో ఆటోఫోకస్ పట్టు దొరక్క ముందుకూ వెనక్కూ తిరుగుతూ ఉంటుంది. రెండు మీటర్ల దూరంలో ఉన్న రాయి మీద టార్చ్ వేసి, దాని మీద ఫోకస్ చేసి, ఆ తర్వాత ఫోకస్ కదలకుండా మాన్యువల్‌కు మార్చేశాను. లెన్స్ అన్నిటికన్నా వెడల్పుగా చూసే 18 మి.మీ. దగ్గర ఎఫ్/8 (లెన్స్ రంధ్రం కొలత; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) పెడితే, ఆ ఫోకస్‌తోనే సుమారు మీటరు నుంచి అనంత దూరం దాకా స్పష్టంగా వస్తుంది. ఎఫ్/22 దాకా వెళ్లడం వల్ల ఒరిగేదేమీ లేదు. రంధ్రం మరీ చిన్నదైతే కాంతి చెదిరి బొమ్మంతా మెత్తబడుతుంది.

అసలు చిక్కు సూర్యుడు వచ్చాక మొదలవుతుంది. ఆకాశం మండుతుంటుంది, లోయ అడుగు ఇంకా చీకట్లోనే ఉంటుంది. లోయకు సరిపడా వెలుతురు ఇస్తే ఆకాశం తెల్లగా పాలిపోతుంది, అక్కడ పోయిన వివరం మళ్లీ రాదు. నీడల్లోది మాత్రం రా ఫైల్‌లో (కెమెరా కుదించకుండా దాచే ముడి ఫైల్) కొంతవరకు పైకి తేవచ్చు. అందుకే ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్/8 మార్చకుండా, షట్టర్ వేగం మాత్రమే మారుస్తూ -2, 0, +2 స్టాప్‌ల (ఒక్కో స్టాప్‌కు వెలుతురు రెట్టింపు లేదా సగం) చొప్పున మూడు ఫ్రేములు తీసి, తర్వాత కలపడమే మేలు. సగం నల్లగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ ఇక్కడ నాకు నచ్చదు. ఆకాశంలోకి పొడుచుకొచ్చిన ఎర్రటి బండల పైభాగాన్ని కూడా నల్లబరుస్తుంది.

కోటలో మాధవరాయ ఆలయ మండపానికి కాస్త పొద్దెక్కాక వెళ్లాం. స్తంభాల మీది శిల్పాలకు కెమెరా ఫ్లాష్ వాడితే ఎదురు నుంచి పడిన వెలుగుకు నీడలన్నీ పోయి, చెక్కడం చదునుగా కనబడుతుంది. ఏటవాలుగా ఎండ పడే స్తంభాన్ని ఎంచుకోవాలి. కొంచెం పక్కకు జరిగితే చాలు, బొమ్మ ముక్కు, నగల అంచులు నీడతో లేచి నిలుస్తాయి. లోపలి వాటికి ఐఎస్ఓ 800.

మధ్యాహ్నం బేలం గుహలకు బయల్దేరాం. లోపల ఉక్క ఎక్కువ. ఏసీ కారులో చల్లబడిన కెమెరాను నేరుగా అక్కడికి తీసుకెళితే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది, తుడిచినా మళ్లీ పడుతుంది. కారులోనే జిప్ కవర్‌లో గట్టిగా మూసి, దిగాక ఓ ఇరవై నిమిషాలు ఆ కవర్‌లోనే ఉంచితే నీరు కవర్ మీద పడుతుంది, గాజు మీద కాదు. దీపాల పసుపుకు వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనబడేలా రంగు సరిదిద్దే అమరిక) 3000 కెల్విన్ దగ్గర మొదలుపెట్టి సరిచూసుకోవాలి. ట్రైపాడ్ వాడవచ్చో లేదో టికెట్ కౌంటర్‌లోనే అడగండి. వద్దంటే ఐఎస్ఓ 3200, ఎఫ్/3.5 పెట్టి, స్టెబిలైజేషన్ మళ్లీ ఆన్ చేసి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి వదిలాక షట్టర్ నొక్కాలి. వరుసగా నాలుగైదు తీస్తే ఒకటైనా కదలకుండా వస్తుంది.