వైశాఖ పున్నమికి అల్లుడి కోనకు

పెంచలయ్య, పెంచలమ్మ అనే పేర్లు వినపడని ఊరు నెల్లూరు జిల్లాలో ఉండదేమో. మా యానాది వాడల్లో అయితే మరీను, పెంచలయ్యా అని కేకేస్తే నలుగురు పలుకుతారు. ఆ పేర్లన్నీ రాపూరు పక్కన, వెలిగొండల కింద కొలువైన పెంచలకోన నరసింహస్వామివే. అక్కడ వైశాఖంలో బ్రహ్మోత్సవాలు. శుద్ధ చతుర్దశి నరసింహ జయంతి, తెల్లారితే పున్నమి. జయంతి నాడు కోనలో కాలు పెట్టే సందు ఉండదు. మా కుటుంబానికి మాత్రం పున్నమి ముఖ్యం. ఆ రాత్రి అక్కడ నిద్ర చేసి రావాలన్నది మా తాతల నాటి మొక్కు.

ఈసారి అమ్మ, పెద్దమ్మ, మేనత్త వాళ్లు, చిన్నాన్న, పిలకాయలు అందరం ఒక టాటా ఏస్ మాట్లాడుకుని బయల్దేరాం. చిన్నాన్న రొయ్యల గుంటల దగ్గర కాపలా. రొయ్య పట్టుబడికొచ్చే సమయంలో సెలవు అడగడమే కష్టం, బండి కదిలేదాకా ఆయనకి టెన్షనే. పొదలకూరు దాటి, నిమ్మతోటల మధ్యగా రాపూరు, అక్కడినుంచి గోనుపల్లి. గోనుపల్లి దాటితే కొండ ఎదురొస్తుంది.

దారి పొడుగునా పెద్దమ్మ ఒళ్లో మూట దించలేదు. అది చెంచులక్ష్మికి సారె. పసుపు, కుంకుమ, ఆకుపచ్చ గాజులు, రవిక గుడ్డ, నువ్వుల ఉండలు, ఒక తేనె సీసా. సీసా మూతికి మైనం పూసి, దాని మీద పాత చీర పేలిక చుట్టి, పురికొసతో బిగించింది. గతుకు వచ్చినప్పుడల్లా సీసాని తడిమి చూసుకునేది. "కొన్న తేనె కాదు, మనోళ్లు అడవిలో పట్టింది. పుట్టింటి తేనె పిల్లకి తెలీదా?" అని పిలకాయలకి చెప్పుకొచ్చింది.

హిరణ్యకశిపుణ్ణి చంపిన ఉగ్రం తగ్గక స్వామి ఈ అడవుల్లో తిరుగుతుంటే చెంచుల పిల్ల కనపడిందట. ఆమెను చూసి చల్లబడి, పెళ్లాడి, ఇక్కడే శిలగా వెలిశాడని కథ. గర్భగుడిలో స్వామి రెండు శిలలు పెనవేసుకున్నట్టు ఉంటాడు. పెనుశిల నరసింహుడని పేరు. మేం చెంచులం కాదు, యానాదులం. అయినా మా ఇళ్లలో కొలిచే దేవుడు చెంచుదేవుడే. మా పెద్దోళ్ల లెక్కలో చెంచులక్ష్మి మా పిల్ల, స్వామి మా అల్లుడు. అహోబిలంలో చెంచులు చెప్పేదీ ఇదే. అక్కడ కనుమ నాడు పారువేటకు బయల్దేరిన స్వామి నెలకు పైగా ఊళ్లు తిరిగి తన పెళ్లికి పిలుస్తాడు.

ఏ గుడికి వెళ్లినా మావాళ్లు గోడవారన నిలబడతారు. ఎవరూ పొమ్మనకపోయినా నిలబడతారు. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. పెంచలకోనలో అలా ఉండరు. భోజనాల దగ్గర ఒకాయన మా మేనత్తతో "మీరు ఆ చివర కూర్చోండమ్మా" అన్నాడు. మేనత్త మెల్లిగా, "అల్లుడింటికొచ్చామయ్యా, ఇక్కడే కూర్చుంటాం" అని విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆయన ఇంకేం అనలేదు, వడ్డించాడు. పొలం గట్ల మీద, గుంటల దగ్గర ఎవరేమన్నా తలదించుకునే మనిషి ఆమె. ఆ పూట ఆమె పక్కన కూర్చుని తిన్నందుకు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

సారె ఇచ్చాక వాగు దాటి ఆదిలక్ష్మి అమ్మవారి దగ్గరకి వెళ్లాం. స్వామి చెంచులక్ష్మిని చేసుకున్నందుకు అలిగి అమ్మవారు అవతలి గట్టుకు వెళ్లిపోయిందని చెబుతారు. మా పెద్దమ్మ అక్కడ సవతి అన్న మాట రానీదు. "అక్కకి కోపం రాదా మరి, మనమే పోయి మంచి చేసుకోవాల" అని తెచ్చిన పసుపు కుంకుమల్లో సగం ఆమె కోసం విడిగా కట్టి ఉంచుతుంది.

కోనకి పడమర కొండలు కాబట్టి పొద్దు చాలా ముందే దాగిపోతుంది. వేడి మాత్రం రాళ్లలో మిగిలే ఉంటుంది. ఇంకో పక్క రాపూరు వైపు బయలు నుంచి చంద్రుడు ఎర్రగా లేచాడు. చెట్ల కింద చాపలు పరిచాం. పక్కన ఇంకెన్నో యానాది కుటుంబాలు. ఎవరు ఏ ఊరని విచారించుకుంటే అరగంటలో చుట్టరికం తేలింది. అసలు ఈ రాత్రి విలువ అక్కడే ఉంది. పెళ్లి సంబంధాలు కదిలాయి. ఇద్దరు అన్నదమ్ముల పాత తగువు ఒక ముసలాయన ముందుకొచ్చింది. కుల సర్టిఫికెట్ లేక కొడుకుని హాస్టల్లో చేర్చలేకపోయిన తల్లి ఏడుస్తుంటే, సర్టిఫికెట్ చేయించుకున్నవాళ్లు ఏయే కాగితాలు పెట్టాలో దగ్గర కూర్చుని చెప్పారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో మేం 5 లక్షలకు పైనే. అంతమంది ఉండీ కాలవ గట్ల మీద, చెరువు పోరంబోకుల్లో చెదిరి ఉండడం వల్లే మా గోడు ఎవరికీ పట్టదు.

ఒక అవ్వ పుట్టింది శ్రీహరికోటలోనట. రాకెట్ కేంద్రం కోసం దీవిలో ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు వచ్చేశారు. 1971లో అక్కడినుంచి మొదటి రాకెట్ ఎగిరింది. అవ్వకి గుర్తున్నవి దీవిలోని అడవి, దుంపలు, పులికాట్ చేపలు. మాటల మధ్య వెన్నెలకంటి రాఘవయ్య గారి పేరొచ్చింది. యానాదుల కోసం జీవితమంతా తిరిగిన మనిషి, 1973లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆయన గురించి మా పిలకాయలకి ఒక్క ముక్క తెలీదు. ఈ సంగతి నన్ను చాలా బాధపెట్టింది. ఆ రాత్రే కూర్చోబెట్టి నాకు తెలిసినంత చెప్పాను.

పొద్దున్నే తలనీలాలు ఇప్పించి బయల్దేరాం. తిరుగుదారిలో కండలేరు రిజర్వాయర్ కట్ట మీద కాసేపు ఆగాం. కోనలో తపస్సు చేసిన కణ్వ మహర్షి పేరు మీదే ఈ ఏటికి కండలేరు అని పేరొచ్చిందని అంటారు. తెలుగుగంగలో భాగంగా కృష్ణ నీళ్లు సోమశిల మీదుగా వచ్చి ఇందులో నిలిచి, కాలవలో 152 కిలోమీటర్లు పారి తమిళనాడు సరిహద్దు దాటి, పూండి జలాశయం చేరి మద్రాసు వాళ్ల దాహం తీరుస్తాయి. ఆ నీళ్లని చూస్తూ చిన్నాన్న అడిగాడు, "రాత్రి కలిసినోళ్లలో సగం మందికి ఛార్జీలు లేక ముందు సంవత్సరం రాలేదంట, దీనికేం చేద్దాం?"

బండిలోనే చీటీ మొదలుపెట్టాం. ఇంటికి నెలకి వంద రూపాయలు, పోగైన డబ్బు పున్నమికి రాలేనివాళ్ల బండి ఖర్చుకి. పుస్తకం నా దగ్గర పెట్టారు. శ్రీహరికోట అవ్వ వాళ్ల పేరు, ఫోన్ నంబరు అందులో ఎక్కించాను. సర్టిఫికెట్ కోసం తిరుగుతున్న ఆ తల్లితో సోమవారం మండలాఫీసుకి వెళ్తున్నాను.