మడ్లా ఒకప్పుడు వేరే ఊరు

2012లో ఉద్యోగానికి నార్వేలోని స్టావంగర్ వచ్చిన కొత్తలో, మడ్లాలో ఇల్లు అద్దెకి దొరికిందని ఆఫీసులో చెప్తే, పక్క సీటు పెద్దాయన "అయితే మా ఊరివాడివే" అన్నారు. మడ్లా అంటే సిటీలో ఒక ఏరియా అనుకున్నా, ఊరేంటో అర్థం కాలేదు.

నార్వేలో లంచ్ పదకొండున్నరకే. వాళ్లవి ఇంటి నుంచి తెచ్చుకున్న బ్రెడ్ ముక్కలు, నా డబ్బాలో పులిహోర. ఆ అరగంటల్లోనే ఆయన దగ్గర ఈ కథంతా విన్నాను.

ఇక్కడ కమ్యూన్ అంటే మన పంచాయతీ, మున్సిపాలిటీ రెండూ అదే. 1838లో స్థానిక పాలన మొదలైనప్పుడు ఈ ప్రాంతం హోలాండ్ అనే పల్లె కమ్యూన్. 1930లో దాన్ని మడ్లా, సోలా అని రెండు చేశారు. మడ్లా బతికింది సరిగ్గా 35 ఏళ్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, చిన్న కమ్యూన్లు స్కూళ్ల ఖర్చు కూడా మొయ్యలేవని షెయ్ కమిటీ అనే ప్రభుత్వ కమిటీ దేశమంతా విలీనాలు చేయించింది, 744 కమ్యూన్లు 454 అయ్యాయి. పైగా స్టావంగర్‌కి ఇళ్లు కట్టుకోవడానికి జాగా లేదు, పక్కనే మడ్లా పొలాలున్నాయి. 1965 జనవరి 1న మడ్లాతో పాటు పక్క కమ్యూన్ హెట్లాండ్‌లో చాలా భాగాన్నీ సిటీలో కలిపేశారు.

నన్ను బాగా కదిలించింది ఆ తేదీ. అప్పటికి స్టావంగర్ ఇంకా చేపల్ని డబ్బాల్లో నింపి అమ్మే ఊరే. ఉత్తర సముద్రంలోని ఎకోఫిస్క్‌లో చమురు దొరికింది 1969లో. ఇంకో నాలుగేళ్లు ఆగుంటే మడ్లా వాళ్లు సిటీలో కలవడానికి ఒప్పుకునేవాళ్లా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, ఎందుకంటే ఎయిర్‌పోర్టు ఉన్న సోలా ఈ రోజుకీ వేరే కమ్యూనే, 2020లో పక్క కమ్యూన్లు ఫిన్నోయ్, రెన్నెసోయ్ సిటీలో కలిసినా అది కలవలేదు.

మాది గాజువాక. 2005లో మా మున్సిపాలిటీని విశాఖలో కలిపి జీవీఎంసీ చేశారు. మా నాన్న మాత్రం ఇప్పటికీ "వైజాగ్ వెళ్లొస్తా" అనే బయల్దేరతారు. 1965లో తొమ్మిదేళ్ల పిల్లాడైన ఈ పెద్దాయన కూడా అంతే, స్టావంగర్ సెంటర్‌కి వెళ్తే "సిటీకి వెళ్లా" అంటారు. ఆ మాట విన్న రోజు సొంత మనిషి దొరికినట్టు అనిపించింది.

మడ్లా వచ్చే టూరిస్టులు ఇక్కడి సముద్రపాయ హాఫ్‌ర్స్‌ఫ్యోర్డ్ ఒడ్డున రాతిలో దిగిన మూడు పెద్ద కత్తుల దగ్గర ఫొటోలు దిగుతారు. వైకింగ్ కాలంలో హరాల్డ్ రాజు గెలిచిన యుద్ధానికి గుర్తుగా 1983లో పెట్టినవి అవి. మంచిదే, కానీ ఈ మట్టిలోంచి రాళ్లు ఏరి గోడలు పేర్చి పొలం చేసుకున్న రైతుల గురించి కూడా ఎవరైనా చెప్పాలి కదా. రిటైరయ్యే ముందు పెద్దాయన నన్ను తీసుకెళ్లి వాళ్ల పొలం గోడ చూపించారు. రెండు వరసల ఇళ్ల మధ్య మోకాలెత్తున ఓ ముక్క మిగిలింది. దాని మీద చెయ్యి పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నేను రోజూ బస్‌స్టాప్‌కి నడిచేది ఆ గోడ పక్కనుంచే.