ఏ అగ్ని-గొర్రె?

"తాత పుట్టింది అగ్ని-గొర్రె సంవత్సరంలో." భూటాన్ పెద్దల జ్ఞాపకాల రికార్డింగ్‌లో ఒక ముసలామె అంతే చెప్పి ఆగిపోయింది. అక్కడ ఏడాదికి పేరు ఒక మూలకం, ఒక జంతువు కలిపి పెడతారు. పొద్దుట్నుంచీ ఈ ఒక్క ముక్క దగ్గరే ఆగింది పని. 1847 కావచ్చు, 1907 కావచ్చు. 1907 అయితే ఉగ్యెన్ వాంగ్‌చుక్ భూటాన్ తొలి రాజైన ఏడాదే.

భూటాన్ లెక్క మనకేం కొత్త కాదు. అక్కడి అరవై ఏళ్ల చక్రం 'రబ్‌జుంగ్', మన ప్రభవతోనే మొదలు. 1907 మనకు ప్లవంగ. మన తాతలూ అంతే కదా, పేరు చెప్తారు, ఏ చక్రమో చెప్పరు!

అందుకే వయసు అడిగి లాభం లేదు. పుట్టగానే ఒకటి, లోసర్ (అక్కడి కొత్త సంవత్సరం) రాగానే ఇంకోటి కలిపే పాత అలవాటుంది. పుట్టిన ఏడాది జంతువు అడగాలి, తర్వాత గుర్తున్న సంఘటన: 1958లో నెహ్రూ కొండదారిన పారో వచ్చినప్పుడు నువ్వు పశువులు కాసేదానివా, పెళ్లయిందా?

ఇంకోటి, లోసర్ ఫిబ్రవరి-మార్చిలో వస్తుంది. జనవరిలో పుట్టినవాళ్లది పాత ఏడాది జంతువే. ఇక్కడే ఎక్కువమంది ఒక ఏడాది తప్పుతారు.

ఇంటిపేర్లు సాధారణంగా ఉండవు. దోర్జీలు ఊరికి పదిమంది. పేరు పక్కన ఊరు, ఇల్లు, తల్లి పేరు రాయకపోతే టేపు ఉన్నా మనిషి దొరకడు.