ముందుగదిలో మామ్మ పాట
పర్లాకిమిడిలో మా ఇంటి ముందుగది పగలంతా అమ్మ కుట్టుమిషన్‌ది, సాయంత్రం తమ్ముడి చదువుది. రాత్రి 10 దాటాక నాది. మామ్మ దంపుళ్ల పాటలు రికార్డు చేయాలని మైకు కొన్నాను. మొదటిసారి వింటే గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. ఏడుపొచ్చింది. ఖాళీ గోడలకు తగిలి శబ్దం తిరిగొస్తోందని తర్వాత తెలిసింది.

దండెం కట్టి రెండు బొంతలు వేలాడదీశాను. కార్డియాయిడ్ మైకు వెనకవైపు శబ్దాన్ని తక్కువ పట్టుకుంటుంది కాబట్టి, దాని వీపు ఫ్యాను వైపు తిప్పి మామ్మకు జానెడు దూరంలో పెట్టాను. బొంతలు ప్రతిధ్వనిని తగ్గిస్తాయి గానీ వీధిలో లారీ మోతను ఆపలేవు. అది వెళ్లేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చుంటాం.

నిన్న హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మామ్మ తన పాట తనే వింది. "మా అమ్మ గొంతులా ఉందిరా" అంది. మళ్లీ పెట్టమంది.