తూము మీద ప్లాట్ నంబర్

"ఈస్ట్ ఫేసింగ్, కార్నర్ బిట్టు అన్నా" అని ఏజెంట్ చెప్తనే ఉన్నడు. నా చూపు మాత్రం హద్దురాయి పక్కనున్న పాత రాతి తూము మీదనే. దాని మీద తెల్ల పెయింట్‌తో ప్లాట్ నంబర్ రాసిండ్రు.

"ఇది చెరువు కదా?" అంటే, "ఎప్పుడో ఉండెనన్నా, ఇప్పుడు నీళ్లు రావు" అన్నడు.

హన్మకొండల నిలబడి ఈ మాట! 2020 ఆగస్టుల నయీంనగర్ నాలా పొంగి ఇండ్లలకు నీళ్లొచ్చినయ్. 2023 జూలైల మళ్లీ మునిగినం.

కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్వించిన ఊరు మనది. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోవాలె. నడుమ కాలువ మీద ఇల్లు లేస్తే ఎటు పోతయ్? ఆ ఇంట్లకే.

1970ల నాటి వరంగల్ మాస్టర్ ప్లాన్‌తోనే దశాబ్దాలు నెట్టుకొచ్చి, 2041 దాకా పనికొచ్చే కొత్తది 2024ల ఖరారు చేసిండ్రు. అప్పటిదాక ఊరు ఆగుతదా? ఎటు సందు దొరికితే అటు పెరిగింది.

బావ అయితే "గజం రేటు తక్కువుంది" అని ఒక్కటే పోరు. ఎందుకు తక్కువో తూము చూస్తె తెలుస్తలేదా! ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని ప్లాట్లను రెగ్యులరైజ్ చేసే స్కీం) సంగతి అడిగితే "అది మేం చూసుకుంటం" అన్నడు ఏజెంట్. శిఖం భూమికి, అంటే చెరువు నీళ్లు నిలిచే జాగకు, ఎల్ఆర్ఎస్ ఎట్ల చేపిస్తడో ఆయనకే తెల్వాలె.

టోకెన్ ఇయ్యలే. బావ అలిగిండు, బండి మీద వస్తుంటే ఒక్క మాట లేదు.

సోమవారం సర్వే నంబర్ పట్టుకొని ఇరిగేషన్ ఆఫీసుకు పోతున్న. అక్కడ తెలిసినోళ్లు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి.