ఉషా అయ్యర్ పేరుతో వెతికితేనే దొరికిన పాటలు

ఉషా ఉతుప్ పాత రికార్డులు సేకరిస్తున్నానని అనంతపురంలో ఎవరికి చెప్పినా మొదట అడిగేది ఒకటే: "'రంభా హో' పాడిన ఆవిడేనా?" ఆవిడే. 1981లో హిందీ సినిమా 'అర్మాన్' కోసం ఆ పాట, అంతకు ముందు ఏడాది 'ప్యారా దుష్మన్'లో 'హరి ఓం హరి', 1978లో 'షాలిమార్' కోసం ఆర్.డి.బర్మన్ బాణీలో 'వన్ టూ చా చా చా'. జనానికి తెలిసిన ఉష ఈమె. కంచిపట్టు చీర, పెద్ద బొట్టు, ఆ బొట్టులో బెంగాలీ 'క' అక్షరం. నేను వెతికింది అంతకన్నా వెనకటి మనిషిని. మద్రాసు మౌంట్ రోడ్డులోని నైన్ జెమ్స్ అనే నైట్‌క్లబ్బులోనూ, తర్వాత కలకత్తా పార్క్ స్ట్రీట్‌లోని ట్రింకాస్‌లోనూ చీర కట్టుకుని ఇంగ్లిషు పాటలు పాడిన అమ్మాయిని. ఆ కాలంలో ఆమె పాడిన చిన్న రికార్డులు నాకు కావాలి. చిన్నవంటే ఏడంగుళాల వినైల్ డిస్కులు, నిమిషానికి 45 చుట్లు తిరిగేవి.

ఈ వెతుకులాటలో అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది పేరు సంగతి. తొలి రికార్డుల మీద ఉతుప్ అన్న మాటే ఉండదు. ఉషా అయ్యర్ అని ఉంటుంది. 1971లో వచ్చిన 'హరే రామ హరే కృష్ణ' సినిమా పాటల్లో కూడా ఆశా భోంస్లే పక్కన కనిపించే పేరు ఉషా అయ్యరే. జానీ చాకో ఉతుప్‌ను పెళ్లాడిన తర్వాతనే ఇప్పుడు మనం వాడే పేరు. పాత సామాన్లు అమ్మేవాళ్లలో చాలామందికి వీళ్లిద్దరూ ఒకరేనని తెలియదు. ఉతుప్ అని అడిగితే సినిమా ఎల్పీలూ (పెద్ద రికార్డులు) క్యాసెట్లూ తీసి చూపిస్తారు, ధర కూడా కాస్త పెంచే చెబుతారు. అయ్యర్ అని అడిగితే "కర్ణాటక సంగీతం ఆ మూల ఉంది చూసుకోండి" అంటారు. నిజంగానే ఒకసారి ఆ మూలలో, భక్తి గీతాల మధ్య, గిటారు బొమ్మ ఉన్న అట్ట ఒకటి దొరికింది.

ఏవేవి వచ్చాయో తెలియకుండా వేటకు బయలుదేరలేం కదా. డిస్కాగ్స్ అనే వెబ్‌సైటు 2000 నుంచి ఉంది. ప్రపంచంలోని రికార్డుల వివరాలన్నీ సేకర్తలే అందులో నమోదు చేస్తారు. అమెరికా, ఇంగ్లండు డిస్కుల విషయంలో దానికి తిరుగులేదు. మన దేశంలో అచ్చయిన చిన్న రికార్డుల దగ్గరికి వచ్చేసరికి ఖాళీలు ఎక్కువ. అందుకని నేనొక నోటుపుస్తకం పెట్టుకున్నాను. పాట పేరు, లేబుల్ మీది సంఖ్య, పాటలు అయిపోయాక లేబుల్‌కు ముందు మిగిలే నున్నటి అంచులో చెక్కిన అక్షరాలు, ఈ మూడూ రాసుకునేవాణ్ని. అట్టలు మారిపోతాయి, లేబుల్ చిరిగిపోతుంది, ఆ చెక్కుడు మాత్రం డిస్కు ఉన్నంతకాలం ఉంటుంది.

నా పుస్తకంలో పైవరుసలో ఉన్నవి 'జంబలాయా', 'గ్రీన్‌బ్యాక్ డాలర్'. మొదటిది 1952లో హాంక్ విలియమ్స్ పాడినది, రెండోది కింగ్‌స్టన్ ట్రయో ప్రచారంలోకి తెచ్చినది. రెండూ ఇతరుల పాటలే కదా, వాటి కోసం ఇంత తాపత్రయమా అన్న మిత్రులున్నారు. ఆ గొంతు వింటే ఆ మాట అనరు. బడిలో సంగీతం క్లాసుకు ఈ గొంతు పనికిరాదని తనను పక్కన పెట్టారని ఆమే ఎన్నోసార్లు చెప్పుకుంది. అంత బరువైన ఆడగొంతు ఆ రోజుల్లో మన రికార్డుల మీద ఇంకెక్కడ వినిపించింది? అసలు పాటల కన్నా ఆమె పాడినవే నాకు ఎక్కువ నచ్చుతాయి. దీనిమీద వాదించే ఓపిక నాకు లేదు.

మా ఊళ్లో పాత రికార్డులంటే మైకు సెట్టువాళ్లే గుర్తొస్తారు. పెళ్లిళ్లకూ జాతరలకూ అద్దెకు వెళ్లిన డిస్కులన్నీ చివరికి వాళ్ల అటకల మీదే మిగిలాయి. పాతూరులో ఒక పెద్దాయన దగ్గర చెక్కపెట్టెల నిండా ఉన్నాయని విని వెళ్లాను. అన్నీ తెలుగు సినిమా పాటలు, కొన్ని హిందీవి, దేవుడి పాటలు. ఇంగ్లిషు పాప్ పాటలేమైనా ఉన్నాయా అని అడిగాను. ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఇంగ్లిషు పాటలకు పెళ్లిలో మైకు పెట్టించేది ఎవరు నాయనా?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నతో నా వెతుకులాట దారి మారింది. అప్పటిదాకా రికార్డులు అమ్మే చోటు ఎక్కడుందా అని చూశాను. చూడవలసింది వాటిని ఆనాడు కొన్న ఇల్లు ఎక్కడుందా అని. 1969, 70లలో ఈ జిల్లాలో సొంత ప్లేయరు ఉండి, ఇంగ్లిషు పాట కోసం డబ్బు ఖర్చు పెట్టిన వాళ్లు ఎవరై ఉంటారు? ఆలోచిస్తే జాబితా పెద్దదేమీ కాదు. ఇంజనీరింగ్ కాలేజీ అధ్యాపకులు కొందరు, మిషన్ ఆస్పత్రుల డాక్టర్లు, అందరికన్నా ముఖ్యంగా గుంతకల్లు రైల్వే కాలనీ.

ఆ పెద్దాయన మరో మేలు కూడా చేశాడు. అరిగిన డిస్కును కంటితో ఎలా పట్టుకోవాలో చూపించాడు. ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే మంచి డిస్కు నల్లగా నిగనిగలాడుతుంది. బరువైన ముల్లు కింద నలిగినది బూడిదరంగులో మసకగా కనిపిస్తుంది, ఒక్క గీతా లేకపోయినా సరే. "దీన్ని పెడితే పాట వినపడదు, ముల్లు ఏడుపు వినపడుతుంది" అన్నాడు. నడిమి రంధ్రం చుట్టూ లేబుల్ మీద సన్నని గీతలు ఎన్ని ఉంటే అన్నిసార్లు ఎవరో దాన్ని ప్లేయరు మీద పెట్టడానికి తడుముకున్నారని అర్థమట. ఆ తర్వాత నేను ఎక్కడికి వెళ్లినా ముందు చూసేది ఆ రంధ్రం చుట్టునే.

గుంతకల్లుకు దారి చూపింది రైల్వేలో పనిచేసే నా స్నేహితుడు. వాళ్ల పాత ఇంటి దగ్గర ఒక ఆంగ్లో ఇండియన్ ఆంటీ ఉన్నారు. భర్త ఇంజను డ్రైవరుగా పనిచేసి చనిపోయారు, కొడుకు ఆస్ట్రేలియాలో స్థిరపడ్డాడు. ఆమె తెలుగు నా తెలుగు కన్నా చక్కగా ఉంటుంది. రైల్వే ఇన్‌స్టిట్యూటు క్లబ్బులో డాన్సు జరిగే రోజుల గురించి చాలాసేపు చెప్పారు. బీరువా అడుగున బిస్కట్ల డబ్బా పక్కన చిన్న రికార్డులు నిలబెట్టి ఉన్నాయి. పడుకోబెట్టి దొంతరగా పేర్చిన రికార్డుల్లో కిందివి బరువుకు వంగిపోతాయి. ఇవి నిలబెట్టినవి అని చూడగానే నాకు సగం ధైర్యం వచ్చింది. క్లిఫ్ రిచర్డ్, జిమ్ రీవ్స్, వాళ్ల మధ్య ఉషా అయ్యర్.

ధర ఎంతో చెప్పమన్నాను.

"డబ్బు సంగతి తర్వాత. నీ దగ్గర ప్లేయర్ ఉందా?" అని అడిగారు.

ఉందన్నాను.

"మాది పాడై ఏళ్లయింది. ఈ పాటలన్నీ పెన్ డ్రైవులో ఎక్కించి ఇవ్వు, మా అబ్బాయికి పంపాలి. ఆ తర్వాత నీకు కావలసినవి తీసుకో" అన్నారు.

అలా చేశాను. జిమ్ రీవ్స్‌ను కూడా ఎక్కించవలసి వచ్చింది, అదొక్కటే నాకు కాస్త కష్టమనిపించింది. ఆమె దగ్గర తీసుకున్న డిస్కు లేబుల్ మీద బాల్‌పెన్నుతో ఆమె పేరు రాసి ఉంది. లేబుల్ మీద రాత ఉంటే సేకర్తలు ధర తగ్గిస్తారు. తగ్గించుకోనివ్వండి, అది అమ్మకానికి కాదు.

మిగిలినవి అంత తీరుగా దొరకలేదు. అనంతపురం నుంచి బెంగళూరు ఉదయం వెళ్లి రాత్రికి వచ్చేంత దూరం కాబట్టి అక్కడి ఆదివారం బజారుకు కొన్నిసార్లు వెళ్లాను. చిక్కపేట వైపు రోడ్డు మీద పరిచిన సామాన్లలో రికార్డులు ఉంటాయి గానీ తెల్లవారుజామునే వ్యాపారులు ఏరుకుపోతారు. పదింటికి చేరే నాలాంటివాళ్లకు మిగిలేవి గీతలు పడినవే. పైగా అక్కడ బీటిల్స్ పేరు చెప్పి 78లు అంటగట్టాలని చూస్తారు. మన దేశంలో 78 చుట్ల రికార్డులు అరవయ్యవ దశకంలోనూ తయారయ్యాయి కాబట్టి బీటిల్స్ పాటలు కూడా వాటి మీద వచ్చాయి. విదేశీ సేకర్తలు వాటికి ప్రాణం పెడతారు. నాకు అవసరం లేదు.

మిగతావన్నీ ఇంటర్నెట్‌లో, ఎక్కువగా కోల్‌కతా అమ్మకందార్ల దగ్గర కొన్నాను. గ్రామఫోన్ కంపెనీ రికార్డులు అచ్చయిన డమ్‌డమ్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు, ఉష పాడిన ఊరు, కాబట్టి అక్కడ ఇంకా తేలుతూనే ఉంటాయి. ఈ కొనుగోళ్లలో అమ్మేవాళ్ల పొగడ్తలు నమ్మడానికి వీల్లేదు. సేకర్తల కొలమానంలో పై నుంచి కిందికి మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్ అని మెట్లు ఉన్నాయి. 'గుడ్' అన్నదాన్ని కొంటే చిటపటల మధ్య పాటను వెతుక్కోవాలి. వెరీ గుడ్ ప్లస్‌కు తగ్గితే నేను ముట్టుకోను. ముందుగా ఒక చిన్న కోరిక కోరతాను: ప్రతి వైపు చివరి పాటలోని చివరి అర నిమిషం ఫోనులో రికార్డు చేసి పంపండి అని. డిస్కు మధ్యకు వచ్చేకొద్దీ గాడి చుట్టు చిన్నదవుతుంది, అంతే సమయానికి తక్కువ పొడవులో శబ్దాన్ని ఇరికించవలసి వస్తుంది. అరుగుదల ముందుగా బయటపడేది అక్కడే. ఆ అర నిమిషం శుభ్రంగా ఉంటే మిగతాది చూడనక్కర్లేదు. పంపనన్నవాళ్ల దగ్గర కొనలేదు.

పార్సిలు సంగతి కూడా ముందే చెప్పాలి. డిస్కును అట్ట కవరులోంచి తీసి, విడిగా కాగితం కవరులో పెట్టి, రెండిటికీ చెరో వైపు గట్టి అట్టముక్కలు వేసి కట్టమనాలి. కవరు లోపలే ఉంచితే దారిలో కుదుపులకు డిస్కు అంచు కవరును చీలుస్తుంది. ఒక కొరియర్‌వాళ్లు 'వంచకూడదు' అని రాసి ఉన్న పార్సిలును సరిగ్గా ఆ అక్షరాల మీదే మడిచి గేటు సందులోంచి దూర్చి వెళ్లారు. లోపలి అట్టలు గట్టివి కాబట్టి డిస్కు బతికింది. ఆ తర్వాత అన్నీ స్పీడ్ పోస్టులోనే తెప్పించాను.

కోల్‌కతా డిస్కులకు బూజు ఉంటుంది, మా ఊరి డిస్కులకు దుమ్ము. వాన తక్కువ జిల్లా కావడం వల్ల ఇక్కడ దొరికినవాటికి బూజు దాదాపుగా చూడలేదు. కడగడం తప్పదు. మా కుళాయి నీళ్లతో కడిగితే ఆరాక గాడుల్లో తెల్లటి ఉప్పు మిగులుతుంది. బ్యాటరీల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటరు చవకైన మందు. అందులో ఒక్క చుక్క గిన్నెలు కడిగే లిక్విడ్ కలిపి, మెత్తని బ్రష్షుతో గాడి వెంట గుండ్రంగా తుడిచి, మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటరుతో కడిగి నీడలో ఆరబెడతాను. లేబుల్ తడవకుండా చూసుకోవాలి. మొండి బూజుకు కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాలు కలపవచ్చు, వినైల్‌కు అది ఏమీ చేయదు. 78లను మాత్రం దానితో తాకకూడదు. అవి లక్కతో చేసినవి, ఆల్కహాలుకు కరిగిపోతాయి.

ప్లేయరు దగ్గర పొదుపు పనికిరాదు. పాత పెట్టె ప్లేయర్లలోని సెరామిక్ కార్ట్రిడ్జి (ముల్లు అమర్చి ఉండే ముక్క) డిస్కు మీద అయిదారు గ్రాముల బరువు మోపుతుంది, కొన్ని ఇంకా ఎక్కువ. మాగ్నెటిక్ రకానికి రెండు గ్రాములు చాలు. యాభై ఏళ్లు బతికొచ్చిన డిస్కును మళ్లీ అంత బరువు కింద పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. మాగ్నెటిక్ పెట్టుకుంటే యాంప్లిఫయరుకు ముందు ఫోనో ప్రీఆంప్ అనే చిన్న డబ్బా అదనంగా కావాలి. అది లేకపోతే పాట గోడ అవతల పాడుతున్నట్టు సన్నగా, పీలగా వినిపిస్తుంది. ముల్లు విషయంలో ఇంకో జాగ్రత్త: 78ల ముల్లు కొన 45ల దాని కన్నా దాదాపు మూడింతలు వెడల్పు. రెండు ముళ్లు తిప్పుకునే పాత కార్ట్రిడ్జి అయితే ఏ వైపు ఉందో చూసి మరీ దించాలి.

ఎండాకాలం మాత్రం నాకు దిగులే. డిస్కులన్నీ ఉత్తరం వైపు గదిలో, గోడకు ఆనకుండా, బీరువాలో నిలబెట్టి ఉంచాను. మే నెలలో కొత్తవేవీ తెప్పించను. మధ్యాహ్నం పోస్టు వ్యాను లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించుకుంటే చాలు, ఆర్డరు పెట్టాలన్న కోరిక జూన్ దాకా ఆగుతుంది.

జాబితాలో ఇంకా ఒకటి మిగిలింది. దాని అట్ట నా దగ్గర ఉంది, లోపల మాత్రం ఎవరో ఒక హిందీ సినిమా డిస్కు పెట్టి అమ్మారు. కోల్‌కతాలో ఒకాయన దగ్గర అసలు డిస్కు ఉంది, అట్ట లేదు. నా అట్ట తనకు అమ్మమని ఆయన, ఆయన డిస్కు నాకు అమ్మమని నేను. ఈమధ్య ఆయన అయిదు వందలు పెంచాడు, నేను ఆరు వందలు పెంచాను. దసరాకు, సంక్రాంతికి శుభాకాంక్షలు కూడా పంపుకున్నాం. బేరం ఇంకా తెగలేదు.