కాళ్ళకి కరెంటు, గదికి గ్యాస్

ఇంగ్లండ్‌లో పాత ఇల్లు కొన్నవాళ్ళని అడగండి, చాలామంది చెప్పేది ఒకటే, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండేది కిచెనే అని. వెనకాల ఎక్స్‌టెన్షన్, మూడువైపులా బయటి గోడలు, కింద కాంక్రీట్ స్లాబ్ మీద టైల్స్. మనమేమో వంటింట్లోకి చెప్పులేసుకుని వెళ్ళం. మా అమ్మ డిసెంబర్‌లో వచ్చినప్పుడు రెండు జతల సాక్సులేసుకుని నిలబడి పోపు పెట్టుకునేది పాపం. అందుకే టైల్స్ మార్చేటప్పుడు కింద ఎలక్ట్రిక్ హీటింగ్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే వైరున్న పలచని పరుపు లాంటిది) వేయించాం.

అప్పట్నుంచి ఫ్రెండ్స్ అందరిదీ ఒకటే ప్రశ్న, మరి గోడకున్న రేడియేటర్ (గ్యాస్ బాయిలర్ నుంచి వచ్చే వేడినీళ్ళతో గదిని వేడిచేసేది) పీకేయొచ్చుగా, ఆ గోడకి ఇంకో కప్‌బోర్డ్ వస్తుంది కదా అని. పీకొద్దండీ బాబూ. గది 12 చదరపు మీటర్లే అనుకోండి, కప్‌బోర్డులు, ఫ్రిజ్, డిష్‌వాషర్ కింద మ్యాట్ వేయకూడదు (వేడి పైకి పోయే దారిలేక అక్కడే ఉండిపోయి వైరు పాడవుతుంది), అవన్నీ తీసేస్తే మిగిలేది సగం, అంటే 6. చదరపు మీటరుకి 150 వాట్ల మ్యాట్ వేస్తే మొత్తం కలిపి 900 వాట్లు. బయట సున్నా డిగ్రీలున్న పొద్దున పాత గోడల కిచెన్‌కి అది ఏ మూలకి? పోనీ అని నేల వేడి పెంచుకుంటూ పోదామా అంటే 29 డిగ్రీలు దాటితే కాళ్ళకే చిరాకు.

ఇంక బిల్లు సంగతి. ఇక్కడ కరెంటు యూనిట్ గ్యాస్ యూనిట్‌కి దాదాపు నాలుగు రెట్లు ఉంటుంది, కాబట్టి గదిని వేడిచేసే పని బాయిలర్‌కే వదిలేయాలి, మ్యాట్ పని కాళ్ళ వరకే. మాది పొద్దున 6 నుంచి 8, మళ్ళీ రాత్రి వంట టైమ్‌లో కాసేపు. పొద్దున రెండు గంటలూ ఆగకుండా లాగినా 1.8 యూనిట్లు, యూనిట్ 25 పెన్స్ అనుకుంటే 45 పెన్స్, నేల వేడెక్కాక అదే ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి నిజానికి అంత కూడా కాదు. కానీ స్లాబ్‌కీ మ్యాట్‌కీ మధ్య ఇన్సులేషన్ బోర్డ్ ఉంటేనే ఈ లెక్కలు. 10 మిల్లీమీటర్ల బోర్డ్ దగ్గర డబ్బులు మిగిల్చాలని చూస్తే ఆ వేడి భూమాతకే.

అసలు తలనొప్పి థర్మోస్టాట్లతో. మా ముందు ఓనర్లు బాయిలర్ థర్మోస్టాట్‌ని కిచెన్ గోడకే పెట్టారు. కింద నేల వేడి, పక్కన స్టవ్ మీద కుక్కరు, దాంతో ఇల్లంతా వెచ్చగా ఉందనుకుని అది బాయిలర్ ఆపేస్తుంది, పైన పిల్లల గదులు మాత్రం చల్లగానే ఉంటాయి. దాన్ని హాల్లోకి మార్పించాం. కిచెన్ రేడియేటర్‌కి వాల్వ్ ఉంది, 2 మీద పెట్టేశాం, నాలుగు బర్నర్లూ వెలిగితే అదే మూసుకుంటుంది. మ్యాట్‌కి ఉన్న థర్మోస్టాట్ మటుకు గాలిని కాదు, టైల్ కింద పెట్టిన ప్రోబ్‌ని (నేల వేడిని కొలిచే సెన్సర్) చూసేలా సెట్ చేయించుకోండి, లేకపోతే రేడియేటర్ గది వేడిచేసేసరికి నేల ఆఫ్ అయిపోతుంది, పెట్టించిన ప్రయోజనమే పోతుంది.

సోనామసూరి బస్తా కూడా ఆ నేల మీద పెట్టొద్దు, కప్‌బోర్డ్‌కి చెప్పిన కారణమే దీనికీను. ఇడ్లీపిండి పొంగుతుందా అని అడిగారు కొందరు, రాత్రంతా ఆఫ్‌లో ఉండే నేల ఏం పొంగిస్తుంది, ఓవెన్ లైటే గతి.

వేయించేవాళ్ళకి ఒక మాట. ఎలక్ట్రీషియన్ చేత మ్యాట్ రెసిస్టెన్స్ మూడుసార్లు చూపించండి, పెట్టె విప్పగానే, పరిచాక, టైల్స్ పడ్డాక. 900 వాట్ల దానికి 59 ఓమ్స్ దరిదాపుల్లో రావాలి, టైల్స్ వేశాక మారిందంటే తాపీ అంచు ఎక్కడో తగిలినట్టే. 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీడీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), సర్టిఫికెట్ తప్పనిసరిగా అడగండి, టైల్స్ వేసే ముందు వైర్లు ఎటు పోయాయో ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకోండి, రేపు డోర్ స్టాపర్ కోసం డ్రిల్లు పెట్టేది మీరే.